కల్చర్‌లో పెరగనివాటి కోసం

నెలలు నిండకుండా కాన్పయితే మనవాళ్లు తల్లినే నిలదీస్తారు: బరువులెత్తావా, బస్సెక్కావా, బొప్పాయి తిన్నావా? ఉమ్మనీటిలో ఏముందో చూశారా అని ఆసుపత్రిని మాత్రం ఎవరూ అడగరు. అడగడానికే మేం కూడాం. మాలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులున్నారు, నర్సులున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లూ ప్రసూతి వైద్యులూ ఉన్నారు.

2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది 37 వారాలు నిండకముందే పుట్టారని అంచనా. ఇంతమంది మరే దేశంలోనూ లేరు. అందరికీ కారణం ఇన్ఫెక్షనేనని మేం అనం. అయితే ఉన్నచోట కూడా అది దొరకడం లేదు. యూరియాప్లాస్మా అనే బాక్టీరియాకు కణకవచమే లేదు. గ్రామ్ స్టెయిన్‌లో కనబడదు, ల్యాబ్‌లో పెంచి చూసే మామూలు కల్చర్‌లో పెరగదు, పెన్సిలిన్ జాతి మందులకు లొంగదు. ఇక ఫ్యూసోబాక్టీరియం అనే మరో బాక్టీరియా ఉండేది చిగుళ్లలో. అది తల్లి నోటి నుంచి గర్భానికి చేరి బిడ్డ ప్రాణం తీసిన ఉదంతాన్ని అమెరికా పరిశోధకులు 2010లో ప్రచురించారు. 2008 నాటి మరో అధ్యయనంలో, ముందస్తు నొప్పులొచ్చిన 166 మందిలో కల్చర్ 16 మంది ఉమ్మనీటిలోనే సూక్ష్మజీవుల్ని పట్టింది; డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ కూడా కలిపితే 25 మంది తేలారు. మా గొడవంతా ఆ మిగిలిన తొమ్మండుగురి గురించే.

అలాగని ఉమ్మనీటి కోసం ప్రతి గర్భిణికీ సూది గుచ్చమనడం లేదు. అలా గుచ్చితే మేమే అడ్డుపడతాం. ఇన్ఫెక్షన్ అనుమానంతో ఎలాగూ ఉమ్మనీరు తీసినప్పుడు, కల్చర్‌తోపాటు బాక్టీరియా డీఎన్‌ఏను వెతికే 16ఎస్ జన్యు పరీక్ష కూడా చెయ్యాలి. కడుపులోనే బిడ్డ చనిపోతే, తల్లి ఒప్పుకుంటే, అప్పుడూ చెయ్యాలి. ఉమ్మనీటి పరీక్షను లింగనిర్ధారణకు వాడుకున్న చరిత్ర మనది కాబట్టి, దాన్ని నిషేధించే చట్టం కింద నమోదైన కేంద్రంలోనే, రికార్డు రాసే తియ్యాలి.

మేం కోరే పరీక్షనూ గుడ్డిగా నమ్మం. కిట్‌లోని రసాయనాల్లోనే బాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుంది. మాయలో కనబడ్డాయన్న సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం అలా వచ్చిన కల్తీయేనని 2019లో కేంబ్రిడ్జి బృందం తేల్చింది. అందుకే ప్రతి పరీక్షలోనూ ఉమ్మనీరు కలపని ఖాళీ నమూనా ఒకటి పక్కన నడపాలి. నడపని ల్యాబ్ రిపోర్టు మాకొద్దు.

ఇంకో కోరిక మందుల గురించి: ఉమ్మనీటి సంచి పగలకుండా, ఇన్ఫెక్షన్ గుర్తులేవీ లేకుండా, ముందుగా నొప్పులొచ్చాయని మాత్రమే యాంటీబయాటిక్ రాయడం ఆపాలి. బ్రిటన్‌లో అలాంటి తల్లుల పిల్లల్ని ఏడేళ్ల వయసులో చూస్తే, మందు వాడినవారి పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా కనబడింది.

రిపోర్టు తెలుగులో, తల్లి చేతికే ఇవ్వాలి. ఏ జీవి దొరికిందో, ఏ మందుకు లొంగుతుందో, మళ్లీ గర్భం దాల్చినప్పుడు డాక్టరుకు ఏం చెప్పాలో అందులో రాయాలి.