వాలులో భయం సరే, దేనికి భయపడాలో తెలియాలి

సెలవులొస్తే చాలు, ఈమధ్య మన ఇళ్ళలో మగవాళ్ళకీ ఎదిగిన పిల్లలకీ తారురోడ్డు రుచించడం లేదు. పాడేరు దగ్గర వంజంగి అనో, మారేడుమిల్లి అడవి అనో బయలుదేరదీస్తారు. ఎక్కడో ఓ చోట బండి మట్టిదారిలోకి దిగుతుంది. పక్కసీట్లో మనం హ్యాండిల్ గట్టిగా పట్టుకుని "అయ్యో, నెమ్మది" అంటాం. "నీకన్నీ భయాలే" అని వాళ్ళు నవ్వేస్తారు. మాట అక్కడితో సరి. అలా సరిపెట్టుకోకూడదని నేనంటాను. కాకపోతే మన భయానికి కాస్త లెక్క నేర్పాలి.

బండి ముక్కు పైకి లేచి అద్దంలో ఆకాశం కనిపిస్తే మనకి గుండె జారుతుంది. ఓ పక్కకి ఒరిగితే మాత్రం సర్దుకుని కూర్చుంటాం. నిజానికి ఎక్కువ భయపడాల్సింది ఆ ఒరగడానికే. మహీంద్రా థార్‌నే చూడండి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం సుమారు 8 అడుగులు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య 5 అడుగులే. సన్నటి పీట మీద ఎత్తైన బిందె పెట్టినట్టన్నమాట. పైన క్యారియర్ మీద సూట్‌కేసులు కట్టామా, ఆ బిందె మీద ఇంకో బిందె పెట్టినట్టే. అందుకే బరువైన సామానంతా లోపల, కిందనే పెట్టించండి.

అంకెల సంగతీ అంతే. మనకి కళ్ళు తిరిగే ఘాట్ రోడ్డు కూడా మామూలుగా 100 అడుగుల దూరానికి 6 నుంచి 8 అడుగులే ఎక్కుతుంది. అది 5 డిగ్రీల లోపే. 20 డిగ్రీలంటే 100కి 36 అడుగులు! "మన బండికి 41 డిగ్రీలు" అని గొప్పగా చెబుతారే, అది ముందు బంపర్ నేలకి తగలకుండా వాలు మొదలు దాటే కోణం. అంత ఏటవాలు ఎక్కేస్తుందని కాదు, అంత పక్కకి ఒరిగినా పడదని అసలే కాదు.

స్టీరింగ్ మనదైనా, వాళ్ళదైనా తెలియాల్సినవి నాలుగే. ఎక్కినా దిగినా వాలుకి నిటారుగా వెళ్ళాలి, అడ్డంగా కాదు. దిగేటప్పుడు మొదటి గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచాలి. న్యూట్రల్ వద్దు, తడిమట్టిలో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారిపోతుంది. ఎక్కుతూ మధ్యలో ఇంజను ఆగిపోతే అక్కడ తిప్పే ప్రయత్నం చేయకూడదు. రివర్స్ గేరు వేసి వచ్చిన దారినే తిన్నగా వెనక్కి దిగాలి. అడ్డవాలులో బండి జారడం మొదలైతే, అడ్డం లేకుండా చోటుంటే, స్టీరింగ్ పల్లం వైపే తిప్పాలి. మనసు మిట్ట వైపు తిప్పమంటుంది, వినకూడదు.

ఇవి తెలిస్తే "భయంగా ఉందండీ" అనే మాట "ఎడమ చక్రం గుంటలోకి దిగితే ఒరిగిపోతాం, ఆపండి" అని మారుతుంది. దానికి నవ్వడం కష్టం.

ఇంకో మాట. అత్తగారినీ పిల్లల్నీ దింపి ఆ నాలుగు గజాలు నడిపిస్తే పరువేమీ పోదు. ఆఫ్‌రోడింగ్ బాగా తెలిసినవాళ్ళే ఒక మనిషిని కిందికి దింపి, అతను దారి చూపిస్తుంటే బండి కదిలిస్తారు. బండిలో ఎంతమంది ఉన్నా, అందులో ఒక్కరు "ఆపండి" అంటే ఆగాలి. డ్రైవింగ్ వచ్చా రాదా అని అడగక్కర్లేదు. ఈ షరతు మట్టిదారిలోకి దిగాక కాదు, ఇంట్లో సామాను సర్దేటప్పుడే పెట్టండి.