కరక్కాయ మన బుట్టలో, కెమిస్ట్రీ ఎవరి చేతిలో?



ఇంటర్ రెండో ఏడాదిలో బట్టీ పట్టిన జవాబు ఒకటి నాకు ఇంకా గుర్తుంది. 'ఫినాల్‌కి తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం కలిపితే ఊదా రంగు వస్తుంది.' రాశాను, మార్కులూ పడ్డాయి. ఆ సీసా మాత్రం కంటితో చూడలేదు. ల్యాబ్ గదికి ఎప్పుడూ తాళమే. రికార్డు బుక్కు సీనియర్ల దగ్గర తెచ్చుకుని దించేవాళ్లం.

డిగ్రీలో ఆ సీసా చేతికొచ్చింది. మా అవ్వ సంతకి మోసే కరక్కాయల్లో ఒకటి దంచి, నీళ్లలో మరిగించి, వడకట్టి, ఒక్క చుక్క వేశా. చూస్తుండగానే నీలి నలుపు! కరక్కాయలోని టానిన్లు ఫినాల్ జాతివే. ఇనుము తగిలితే నల్లబడతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రవంతో నల్లగీతలు గీసేదీ ఈ రసాయనంతోనే. నిజం చెప్పాలంటే ఆ రోజు సంతోషం కన్నా కోపమే ఎక్కువొచ్చింది. పాఠం మా ఇంట్లోనే బుట్టనిండా ఉంది. అది పాఠమని మాకు ఎవరూ చెప్పలేదు.

ఇదేదో నా ఒక్కడి మార్కుల గోల అనుకోవద్దు. కేరళ సంగతి చూడండి. 1987లో అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపించిన కాణి ఆదివాసులు అలుపు రాకుండా ఒక మొక్క కాయలు తింటున్నారు. అదే ఆరోగ్యపచ్చ. దాన్ని పరిశోధించి 'జీవని' అనే మందు తయారుచేశారు. 1995లో ఆ తయారీ హక్కుని ఒక కంపెనీకి 10 లక్షల రూపాయల ఫీజు, 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. అందులో సగం కాణీలకి అని ఒప్పుకున్నారు, 1997లో వాళ్ల పేరున ట్రస్టు పెట్టారు. మన దేశంలో లాభం పంచుకోవడానికి తొలి ఉదాహరణల్లో ఇదొకటి, మంచిదే. కానీ ఒకటి గమనించండి. కాణీలు కొండ మీద దారి చూపించారు. ల్యాబ్‌లో ఏం జరిగిందో మాత్రం వేరేవాళ్లు చెప్తే వినాల్సిందే. మనం ఎప్పటికీ దారి చూపించేవాళ్లమేనా?

మనలో కొందరంటారు, 'మన పసరు మందుకి సైన్స్ సర్టిఫికెట్ ఎందుకు?' అని. ఇంకొందరు చదువుకోగానే 'అదంతా మూఢనమ్మకం' అని నవ్వుతారు. రెండూ తప్పే. చైనాలో తూ యూయూ మలేరియా మందు కోసం పాత వైద్య గ్రంథాలు తిరగేసింది. ఆకు నానబెట్టి పిండి రసం తాగమని ఒకచోట ఉంది, మరిగించమని లేదు. వేడికి మందు గుణం పోతోందని ఆమెకి తట్టింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. అదే ఆర్టెమిసినిన్, 2015లో నోబెల్. పాత జ్ఞానం ఆధారం ఇచ్చింది, ప్రయోగం చేసే చెయ్యి దాన్ని మందుగా మార్చింది. ఒకటి లేకుండా రెండోది లేదు. మలేరియాతో మన మన్యం ఎంతమందిని పోగొట్టుకుందో మీకు నేను చెప్పాలా?

అందుకే నేను అడిగేది మూడు విషయాలు.

ఒకటి, ఆశ్రమ పాఠశాలల్లో, గురుకుల కాలేజీల్లో ల్యాబ్ తాళం తియ్యాలి. ప్రతి పిల్లా, ప్రతి పిల్లోడూ తన చేత్తో ప్రయోగం చెయ్యాలి. మెస్ బిల్లుల కోసం ధర్నా చేస్తాం కదా, దీనికీ చేద్దాం.

రెండు, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీకి వెళ్లి చూపించమని అడగండి. మన పెద్దోళ్ల జ్ఞానం అందులో ఎలా ఎక్కిందో, ఎవరిని అడిగి రాశారో చదవండి.

మూడోది మన పని. డిగ్రీ చదివినోళ్లం సెలవులకి ఊరెళ్తాం కదా. ఒక ఆదివారం హాస్టల్ పిల్లల్ని కూర్చోబెట్టండి. పసుపు నీళ్లలో కాగితం ముంచి ఆరబెట్టి, దాని మీద సున్నపు నీళ్ల చుక్క వెయ్యండి, ఎర్రబడుతుంది. కుంకుడు రసం ఎందుకు నురగ కడుతుందో అడగండి. జవాబు చెప్పేయకండి, వాళ్లనే వెతకనివ్వండి.

అడవి మీద హక్కు కోసం మన పెద్దోళ్లు కొట్లాడారు. ఆ అడవిలోని ఆకులో ఏముందో చెప్పగలిగే హక్కు కోసం మనం కొట్లాడాలి. కరక్కాయ కిలో లెక్కన అమ్మే చేతులే రేపు దాని ఫార్ములా కూడా రాయాలి.

జోహార్!