భుజములు తడుముకొనువారు

అనకాపల్లి మార్కెట్టుకు వేకువనే బెల్లపు దిమ్మలు వేసుకొని వచ్చు రైతును ఒకపరి గమనింపుడు. దారిలో వీధిదీపము క్రింద ఒక పోలీసు జవాను నిలిచియుండును. అతడు ఎవరినీ ఆపుటలేదు. బహుశః తన బదులు వచ్చువానికొరకు ఎదురుచూచుచుండవచ్చును. అయినను రైతు చేయి తనకు తెలియకయే జేబులోని కాగితములను తడుముకొనును. వెనుక స్కూటరుపై వచ్చుచున్న బడిపంతులు హెల్మెట్టు పట్టీని సరిచూచుకొనును. ఇరువురును ఏ తప్పును చేసినవారు కారు. జవానును దాటిన పిదప ఇరువురును నిట్టూర్పు విడిచెదరు. ఈ నిట్టూర్పునకు కారణమేమి?

గుమ్మడికాయల దొంగ ఎవడనగా భుజములు తడుముకొన్నాడని మనకొక సామెత కలదు. భయపడినవాడే తప్పు చేసినవాడని దాని తాత్పర్యము. పోలీసువారి విషయమున మాత్రము ఈ సామెత తప్పిపోవుచున్నది. ఇచ్చట గుమ్మడికాయను ముట్టనివారు సైతము భుజములు తడుముకొనుచున్నారు. ఆరితేరిన దొంగ ఒక్కడే నిశ్చింతగా నిలుచుచున్నాడు. కాన ఈ భయము నేరమునకు గుర్తు కాదు.

గురజాడ అప్పారావుగారు 1909లో తిరిగి వ్రాసి ప్రకటించిన కన్యాశుల్కమును చదివిన విద్యార్థులకు లుబ్ధావధాన్లు జ్ఞాపకముండును. పెండ్లికూతురి వేషముననున్న కుర్రవాడు మాయమగుటతో ఆ వృద్ధునిపై హత్యానేరము వచ్చి పడును. హత్య జరుగలేదు; చంపబడినదనుకొన్న పిల్లయే లేదు. అయినను పోలీసు మాట చెవినబడగానే అతనికి కాళ్లు ఆడవు. అతని పిసినారితనమునకు మనస్ఫూర్తిగా నవ్వినవారు ఈ వణకునకు అట్లు నవ్వజాలరు. ఆ వణకు తమకును తెలిసినదే. విశాఖపట్నమున న్యాయవాదిగానుండిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు ‘ఆరు సారా కథలు’లో ఠాణాకును కోర్టుకును నడుమ నలుగు పేదలను చూపినారు. సారా కాచుటకు బెల్లము ముడిసరకు. తన బెల్లము ఎవరి చేతికి చేరునో ఎరుగని రైతు సైతము అనుమానపు నీడను నడువవలసివచ్చుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు.

ఈ భయమునకు చరిత్ర కలదు. మద్రాసు రాజధానిలో 1816 నాటి రెగ్యులేషను తహసీలుదారునే పోలీసు అధికారిని కూడ చేసినది. శిస్తు వసూలు చేయు చేయియు సంకెల వేయు చేయియు ఒక్కటే అయినది. ప్రజలను హింసించుచున్నారన్న ఆరోపణలను విచారించుటకు ప్రభుత్వము నియమించిన సంఘము 1855లో నివేదిక సమర్పించి, హింస వాస్తవమేనని ఒప్పుకొన్నది. మనిషిని వంచి మెడను కాలివ్రేళ్లకు త్రాటితో బిగించుట, రెండు కర్రల నడుమ చేతివ్రేళ్లను ఇరికించి నొక్కుట మొదలైనవి అందు నమోదైనవి. నేరము ఒప్పించుటకే కాదు, శిస్తు రాబట్టుటకును వీనిని వాడినారు. అనగా బాకీపడిన రైతుకును దోపిడిదొంగకును ఒకటే మర్యాద. పిమ్మట 1859లో మద్రాసుకును, 1861లో దేశమునకును పోలీసు చట్టములు వచ్చి, ఆ రెండు పనులను వేరుచేసినవి. చట్టము ఒక్క ఏట వేరుచేసినదానిని జనుల మనస్సు మూడు తరములకును వేరుచేసికొనలేదు.

నేడు అనకాపల్లి జిల్లాలోనున్న కృష్ణదేవిపేట ఠాణాపై 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దాడి చేసి ఆయుధములు తీసికొనిపోయినాడు. దానికి ముందు చింతపల్లి, తరువాత రాజవొమ్మంగి. దారి పనులలో మన్యము ప్రజలచే చేయించిన వెట్టి ఆ తిరుగుబాటునకు ఒక కారణము. ఠాణా గడపను జంకు లేక దాటినవాడు ఆనాటి జనులకు మహావీరుడైనాడు. తామెన్నడును అట్లు దాటలేకపోయినారనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ప్రజలే కాదు, చట్టమును పోలీసును పూర్తిగా నమ్మలేదు. నిందితుడు పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారము అతనిపై సాక్ష్యముగా చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టము శాసించినది. ఆ చట్టమునకు బదులుగా వచ్చి 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త సాక్ష్యచట్టమును ఆ నియమమును నిలుపుకొన్నది. నిర్బంధించు అధికారి తన పేరు కనబడు బిళ్లను ధరింపవలెననియు, నిర్బంధపత్రము వ్రాసి సాక్షి సంతకము తీసికొనవలెననియు, బంధువునకో మిత్రునకో తెలుపవలెననియు సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో డి.కె. బసు కేసున ఆదేశించినది. ఈ జాగ్రత్తలన్నియు అవసరమైనవన్న మాటయే, ప్రజల భయము వట్టి భ్రమ కాదని చెప్పుచున్నది.

అయితే ఒక సంగతి గుర్తింపవలెను. మనము భయపడుచున్నది అధికారమునకు కాదు. హద్దు తెలియని అధికారమునకు. వైద్యుని చేతిలో కత్తి యున్నది, అయినను అది ఎంతవరకు కోయునో మనకు తెలియును. జవాను లాఠీ ఎంతవరకు వచ్చునో మనకు తెలియదు. ఆ తెలియనితనమును మన ఇండ్లలోనే నాటుచున్నాము. అన్నము తినని బిడ్డతో ‘పోలీసుకు పట్టించెద’నని తల్లి అనును. కొత్త అమావాస్యకు నూకాంబిక జాతరలో అదే బిడ్డ తప్పిపోయినచో ఎవరికడకు పరుగెత్తవలెను? ఖాకీ చొక్కా కడకే. ఏడాది పొడుగునను విన్న మాట ఆ ఒక్క దినమున బిడ్డ కాళ్లను వెనుకకు లాగును.

పెద్దవారి విషయమున ఈ వెనుకంజ ప్రాణములనే తీయుచున్నది. అనకాపల్లి మీదుగా పదహారవ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. ప్రమాదమున రక్తమోడుచున్న మనిషిని చూచి బండి ఆపక పోవువారు కలరు. వారందరును కఠినాత్ములు కారు. ‘కేసు మన మెడకు చుట్టుకొనునేమో, సాక్ష్యమునకు ఏండ్ల తరబడి తిరుగవలసివచ్చునేమో’ అన్న భయమే వారి చేతులను కట్టివేయుచున్నది. ఇట్టి సహాయకులకు రక్షణ నిచ్చు మార్గదర్శకములను 2016 మార్చి 30న సుప్రీంకోర్టు దేశమంతటికి వర్తింపజేసినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134-ఏ సెక్షను చేరినది. సద్బుద్ధితో సాయపడినవారిపై, గాయపడినవాడు మరణించినను, కేసు ఉండదు. తమ పేరు చెప్పవలెనన్న నిర్బంధమును లేదు. ఈ మాట తెలియక ఎవరైనను బండి ఆపకపోయినచో, ఆ మరణమున మన అజ్ఞానమునకును భాగము కలదు.

కాన ఉపాధ్యాయులకు మా విన్నపము. పౌరశాస్త్రపు పాఠమున ఒక్క గంట దీనికి కేటాయింపుడు. నిర్బంధించిన వ్యక్తిని ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణము చెప్పుచున్నదని చెప్పుడు. సాక్ష్యపు విచారణకు స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు దాటినవారిని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదని, వారి ఇంటికే పోవలెనని చెప్పుడు. ఫిర్యాదు నమోదైన పిదప దాని ప్రతిని ఉచితముగా అడిగి తీసికొనవచ్చునని చెప్పుడు. వీలైనచో పిల్లలను ఒకమారు ఠాణాకు తీసికొనిపోయి, అచ్చటి పుస్తకములను, బల్లలను, మనుషులను చూపుడు.

పోలీసువారికిని ఒక మాట. మీలో సజ్జనులు లేరని మా అభిప్రాయము కాదు. పండుగనాడు ఇంట నుండక నడివీధిని నిలుచు జవాను కష్టమును ఎరుగుదుము. కాని జనులు బెదరినచో పని సులభమగునని తలచువారు మీలో ఇంకను కలరు. బెదరినవాడు సాక్ష్యము చెప్పడు. దొంగ ఎటుపోయెనో చూచియు చూడలేదనును. భయము వలన లభించునది మౌనమే. అది గౌరవము కాదు. ఫిర్యాదుతో వచ్చినవానిని ముందుగా కూర్చుండుమనుటకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు.

మార్కెట్టు దారిని వచ్చు ఆ రైతు ఏదో ఒక వేకువను జవానును చూచి జేబు తడుముకొనక, ‘సరకు దించుటకు ఇటు దారి యున్నదా?’ అని అడిగి పోగలిగిననాడు, ఈ రెండు పక్షములును తమ పాఠమును నేర్చుకొన్నవని తలపవచ్చును.