పని లేని నెలల దిగులు

మనోవ్యాధికి మందు లేదని మనవాళ్లు సామెత చెబుతారు. ఆ సామెత కూలివాడి ప్రాణం మీదికి తెస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

గోదావరి డెల్టాలో దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లొచ్చి ఊడ్పులు మొదలయ్యేదాకా కూలిజనానికి పొలంలో పనుండదు. మిషన్లొచ్చాక కోతల కూలీ కూడా సన్నగిల్లింది. కొట్లో బాకీ పెరుగుతుంది. జూన్‌లో పిల్లల బడి ఖర్చు నెత్తిన పడుతుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే కొందరు మంచం దిగరు. పిలిస్తే పలకరు. నిద్రుండదు, అన్నం సయించదు, ఒళ్లంతా నొప్పులంటారు. ఊరేమో సోమరిపోతంటుంది, గాలి సోకిందంటుంది. ఆడకూలీల సంగతి మరీ అన్యాయం. వాళ్లకు మంచం పట్టే వీలు కూడా లేదు, ఏడుస్తూనే వంట చేస్తారు.

నేనూ ఒక వైశాఖంలో అలాగే పడ్డాను. పదిమందికి ధైర్యం చెప్పేవాణ్ణి, మీటింగుకు రమ్మని కబురొస్తే గోడవైపు తిరిగి పడుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గేసింది. మా పేటలో ఒక ముసలి కూలీ రోజూ సాయంత్రం వచ్చి, ఏమీ అడక్కుండా బీడీ కాల్చుకుంటూ నా పక్కన కూర్చునేవాడు. ఆఖరికి ఆయనా, మా ఆవిడా కలిసి నన్ను ఆస్పత్రికి లాక్కుపోయారు. మందు పనిచేసింది. సామెత అబద్ధమైంది.

చలిదేశాల్లో శీతాకాలం పగటి వెలుతురు తగ్గి కొందరికి ఇలాంటి కుంగుబాటు వస్తుంది. 1984లో అక్కడి డాక్టర్లు దానికో పేరు పెట్టి, వెలుగుతో వైద్యం చేసి చూశారు. మనకు ఎండకు కొదవ లేదు. కొదవైంది పని. 2005 ఉపాధి హామీ చట్టం ఇంటికి ఏడాదికి 100 రోజుల పని హక్కన్నది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో మరో చట్టం ఆమోదించి 125 రోజులన్నది. అంకె పెరిగితే కడుపు నిండదు. పని లేని నెలలో పని చూపించారా, కూలి వేళకు ఇచ్చారా అన్నదే మన లెక్క. అర్జీలు అందరం కలిసి పెట్టాలి.

అయితే మన కార్యకర్తలే కొందరు, "కూలి పెరిగితే దిగులు అదే పోతుంది, డాక్టరెందుకు?" అంటారు. ఇది తప్పు. కాలు విరిగినవాడికి కూలిరేట్ల పోరాటం గెలిచాక కట్టు కడతామా?

దిగులు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. 14416కు ఫోను చేస్తే రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. సారాతో దిగులు పోదు, మర్నాటికి రెండింతలవుతుంది. "చచ్చిపోతే బాగుండు" అన్నమాట వినబడితే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తీసేయించండి. చావాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. చావబోయి బతికినవాణ్ణి ఎవరైనా కేసని బెదిరిస్తే, 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను చూపించండి. తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలే గాని శిక్షించరాదని అందులో ఉంది.

కామ్రేడ్స్, మూడు మీటింగులకు రానివాడి పేరు జాబితాలో కొట్టేసే ముందు ఒక్కసారి వాడి గుమ్మం తొక్కండి.