ఒంటితో పుట్టిన గొడుగు

మా చెల్లెలి కూతురు మెల్‌బోర్న్‌లో మూడో తరగతి చదువుతోంది. మొన్న ఫోన్లో, "పెద్దమ్మా! టోపీ మర్చిపోయానని ఆటల టైములో నన్ను నీడలోనే కూర్చోబెట్టారు" అని గొణిగింది. ఆ సాయంత్రమే మా పక్కింటావిడ కూతుర్ని కేకలేస్తోంది: "ఎండలో తిరక్కే, నల్లబడిపోతావు. రేపు నిన్నెవరు చేసుకుంటారు?"

ఇద్దరు పిల్లల్నీ ఎండ నుంచి తప్పించాలనే చూశారు. కానీ అక్కడి భయం క్యాన్సర్ గురించి. ఇక్కడి భయం రంగు గురించి.

ఆస్ట్రేలియాలో తెల్లచర్మం వాళ్లే ఎక్కువ. ఎండా తీవ్రమే. చర్మ క్యాన్సర్ బాగా ఎక్కువగా వచ్చే దేశాల్లో అదొకటి. అందుకే చొక్కా, క్రీము, టోపీ మర్చిపోవద్దంటూ 1981లోనే అక్కడ ప్రచారం మొదలుపెట్టారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల్లోని డీఎన్ఏని దెబ్బతీస్తాయి. చాలావరకు శరీరమే బాగుచేసుకుంటుంది. బాగుపడనివి పోగుపడి, ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు. ఈ కిరణాలకి వేడితో పనిలేదు. మబ్బు పట్టిన రోజునా వస్తూనే ఉంటాయి.

మరి మన సంగతి? మన చర్మంలో మెలనిన్ అనే రంగుపదార్థం ఎక్కువ. అది ఆ కిరణాలను పీల్చుకుని లోపలి కణాలను కాపాడుతుంది. పెళ్లిచూపుల్లో ఏ నలుపుని చూసి మూతి విరుస్తామో, ఆ నలుపే మనకి గొడుగు! తెల్లబడాలని పాదరసం కలిసిన క్రీములు పూసుకుంటే ఆ గొడుక్కి మనమే చిల్లులు పెట్టుకున్నట్టు. పైగా మూత్రపిండాలకీ చేటు.

అలాగని ధీమా పనికిరాదు. గొడుగున్నా జల్లు కొడుతుంది కదా! మెలనిన్ దాదాపు లేకుండా, తెల్లగా పాలిపోయి పుట్టే పిల్లలు కొందరుంటారు. వాళ్లకి ఎండ మరీ ప్రమాదం. వెక్కిరింపులు మాని వాళ్లకో టోపీ, నిండు చేతుల చొక్కా ఇవ్వాలి. వారాల తరబడి మానని పుండు, రంగో ఆకారమో మారుతున్న మచ్చ కనిపిస్తే, "మనకి రాదులే" అనుకోకుండా డాక్టరుకి చూపించాలి. ఆలస్యమే అసలు శత్రువు.

వరినాట్లకి వెళ్లే ఆడవాళ్లు తలకి తువ్వాలు చుట్టుకుంటారు. అది అందం కోసం కాదు, ఒళ్లు కాపాడుకోవడం కోసం. మన ఆడపిల్లల చేతికీ గొడుగిద్దాం. నల్లబడతావని మాత్రం చెప్పొద్దు. నీ ఆరోగ్యం మాకు ముఖ్యమని చెబుదాం.