పసరు తాగి గోళీ మానేస్తే

"బీపీ గోళీ మొదలుపెడితే చచ్చేదాకా మింగాలి, అలవాటైపోద్ది." దుమ్ముగూడెం పల్లెల్లోనే కాదు, ఖమ్మంలో చదువుకున్నవాళ్ల నోటా వినబడే మాటే ఇది. దాని వెనకే ఇంకోటి: "అడవిలో ఆకు, ఏ హానీ చెయ్యదు." ఈ పాత నమ్మకానికి ఇప్పుడు పెప్టైడ్లనే కొత్త పేరు తోడైంది. గింజల్లో, పప్పుల్లో బీపీని దించే పెప్టైడ్లున్నాయట, ఇక గోళీ ఎందుకంటున్నారు.

పెప్టైడంటే ప్రోటీన్ ముక్క, కొన్ని అమైనో ఆమ్లాల గొలుసు. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2 తయారవ్వాలంటే ఏసీఈ అనే ఎంజైము కావాలి. సోయా, పెసలు, తవుడుల్లోని ప్రోటీన్లను ముక్కలు చేస్తే వాటిలో కొన్ని ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. పరీక్షనాళికలో ఇది నిజమే. పేచీ కడుపులో మొదలవుతుంది, అక్కడ పెప్టైడ్లు అరిగిపోతాయి.

బ్రెజిల్ జరారాకా పాము విషంలో దొరికిన టెప్రోటైడ్ కూడా ఏసీఈని అడ్డుకునేదే, తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్. సూదిమందుగా ఇస్తే బీపీ దించింది, నోటితో ఇస్తే పనిచెయ్యలేదు. అందుకే స్క్విబ్ కంపెనీలో కుష్‌మన్, ఒండెట్టి అదే ఎంజైమును అడ్డుకునే చిన్న అణువును తయారుచేశారు. అదే క్యాప్టోప్రిల్, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. అంత బలమైన పెప్టైడే కడుపు దాటి పనిచెయ్యలేకపోయింది. రెండు మూడు అమైనో ఆమ్లాల ముక్కలు కొన్ని అరగకుండా రక్తంలో చేరుతాయి, అది ఒప్పుకోవాలి. కానీ మనుషుల మీద చేసిన పరీక్షల్లో బీపీ తగ్గినచోట కూడా తగ్గింది కొద్ది పాయింట్లే, కొన్ని పరీక్షల్లో అసలు తగ్గలేదు. బీపీ 180 ఉన్న మనిషిని అది కాపాడదు.

చెట్టు మందంటే నాకు చిన్నచూపు లేదు. సర్పగంధ వేరు బీపీ తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రోగులకిచ్చి, కొలిచి, 1949లో ప్రకటించాడు. 1952లో దాన్నుంచి రిసర్పిన్ వేరుచేశారు. మోతాదు మించితే మనసు కుంగదీస్తుందన్న హెచ్చరికా ఆ మందు వెంటే వచ్చింది. పనిచేసే వేరు కొలతకు దొరికింది, దాని హానీ దొరికింది.

బీపీ నొప్పి పెట్టదు. గోళీ మానేసినవాడు బాగానే ఉన్నాననుకుంటాడు, పసరు పనిచేసిందని పదిమందికి చెబుతాడు. ఒకరోజు కాలూ చెయ్యీ పడిపోతే గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి మోసుకుపోతారు. పక్షవాతంలో మొదటి గంటలే విలువైనవి, అవి అక్కడ ఖర్చయిపోతాయి. ఆ ఇంటివాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్లకు బీపీకీ పక్షవాతానికీ ఉన్న సంబంధం చెప్పినవాళ్లు లేరు.

పప్పులు, ఆకుకూరలు తినమనే నేనూ అంటాను. వాటితోపాటు ఉప్పుచేప, ఊరగాయ తగ్గించాలి. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసరు మీద నమ్మకం ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పి తాగాలి, గోళీ మాత్రం మానకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ చూపించుకుని, ఆ అంకెను నెలనెలా కాగితం మీద రాసుకోవాలి.