నిద్ర లేచిన బండి

మా బావగారు పోయిన నాటినుంచి ఆయన కారు బరంపురంలో షెడ్డులోనే ఆరేళ్ళు కదలక ఉన్నది. పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామంటే అక్కయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. సరే, కొత్త బ్యాటరీ పెట్టి చూద్దామని మేము తాళంచెవి తీశాము. మేస్త్రీ మా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇది టర్బో బండి బాబూ! ఇంజను పొగ తోపుడుకు దీని చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఇరుసుకు ఆయిలు అందకముందే ఇంజను లేచిందో, అది అరిగి ఊరుకుంటుంది" అన్నాడు.

అతడు చేసిన క్రమం పాఠకులకు పనికివస్తుందని వ్రాస్తున్నాము. ముందు ఇంజనాయిలు, దాని ఫిల్టరు మార్చాడు. నీరు దిగిన పాత డీజిలు తీసివేసి కొత్తది పోశాడు. ఆ ఫిల్టరూ మార్చాడు. ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, బిగుసుకుపోలేదని చూసుకున్నాడు. పిమ్మట డీజిలు అందకుండా చేసి, ఆయిలు దీపం ఆరేదాకా స్టార్టరు మాత్రం కొంచెం కొంచెంగా తిప్పాడు. అప్పుడుగాని ఇంజనును లేవనివ్వలేదు.

లేచింది గాని, ఒకటే నల్లపొగ. లాగే సత్తువ లేదు. చూస్తే టర్బోనుంచి గాలి తెచ్చే రబ్బరు గొట్టం పగిలి ఉన్నది. అది మార్చగానే కుదుటపడింది. బ్రేకు ఆయిలు కూడా మార్చాకనే రోడ్డెక్కాము.

తిరిగివచ్చాక వెంటనే ఆపవద్దనీ, టర్బో వేడి తగ్గేందుకు ఒక నిమిషం ఊరకే తిరగనివ్వాలనీ మేస్త్రీ చెప్పాడు. అలాగే కూర్చున్నాము.

వెనుకసీటులోంచి అక్కయ్య మెల్లగా అన్నది: "మీ బావగారూ ఇంతేరా తమ్ముడూ. ఇల్లు చేరాక కూడా దిగేవారు కాదు. ఎందుకో అనుకునేదాన్ని."